బురదలో దిగిన పక్కింటావిడ

యూనియన్ కార్యదర్శి ఈ సంచికకి వ్యాసం ఇమ్మని అడిగినప్పుడు, బి.యస్సీ. వాణ్ణి కనుక ఏ అంతరిక్షం గురించో, ప్లాస్టిక్ కాలుష్యం గురించో రాస్తాననుకుని ఉంటాడు. నేను రాయబోతున్నది ఒక ఇంగ్లీషు టీవీ హాస్య నాటకం గురించి. అదీ యాభై ఏళ్ళ కిందటిది. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాడికి లండన్ నాటకాలతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. ఆ నాటకం సేద్యం గురించే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, సేద్యం చేసి బతకాలనుకున్న ఇద్దరు మనుషుల గురించీ, వాళ్ళ పక్కింటి వాళ్ళ గురించీ.

దాని పేరు 'ది గుడ్ లైఫ్'. మంచి బతుకు అని మన మాటల్లో చెప్పుకోవచ్చు. జాన్ ఎస్మాండ్, బాబ్ లార్బీ అనే జంట రచయితలు రాశారు. బి.బి.సి. వారు 1975 ఏప్రిల్ నుంచి 1978 జూన్ దాకా మొత్తం 30 భాగాలు ప్రసారం చేశారు. నిరుడు మా ఇంగ్లీషు మాస్టారు, "మాట ఎలా విరుస్తారో వినండిరా" అని క్లాసులో ఒక భాగం వేసి చూపించారు. మిగతావి హాస్టల్లో ఒక మిత్రుడి లాప్‌టాప్ మీద, ఒకే మంచం మీద అయిదుగురం ఇరుక్కుని చూశాం. మాట విరవడం ఎంతవరకు నేర్చుకున్నామో గాని, చూసిన తరవాత మా గదిలో పెద్ద తగాదానే జరిగింది. ఈ వ్యాసం ఆ తగాదాలో నా పక్షం అనుకోండి.

ముందు కథ. టామ్ గుడ్ అనే ఆయనకి 40 ఏళ్ళు నిండుతాయి. ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. ఏం గీస్తాడయ్యా అంటే, కార్న్‌ఫ్లేక్స్ లాంటి వాటి పాకెట్లలో పిల్లలకి బహుమతిగా పడేసే ప్లాస్టిక్ బొమ్మలు. ఇంతేనా నా బతుకు అని ఆ పుట్టినరోజు నాడు అనిపించి, భార్య బార్బరాతో ఆలోచించి, ఉద్యోగం మానేస్తాడు. వాళ్ళుండేది లండన్‌కి నైరుతి దిక్కున సర్బిటన్ అనే శివారు. ఉద్యోగస్థులుండే పేట. అక్కడ ఇంటి ముందు పచ్చిక కత్తిరించడం కూడా ఒక మర్యాద. ఆ పచ్చికంతా తవ్వి కూరలూ దుంపలూ వేస్తారు. ఒక మేక, పందులు, కోళ్ళు. మేక పేరు జెరాల్డీన్. పుంజు పేరు లెనిన్ (యూనియన్ మిత్రులు కోప్పడవద్దు, ఆ పేరు నేను పెట్టలేదు). పేడ నుంచి గ్యాసు తీసి కరెంటు చేసుకోవడానికి ఇంటి కింద గదిలో ఒక యంత్రం. మన గోబర్ గ్యాసే, సూటు తొడుక్కుంది, అంతే. బఠానీ కాయల తొక్కలతో వైను కూడా కాస్తారు.

పక్కింట్లో జెర్రీ, మార్గో దంపతులు. జెర్రీ, టామ్ మానేసిన కంపెనీలోనే పెద్ద ఉద్యోగి. మార్గో గారు చీర నలగకుండా పెళ్ళికి వెళ్ళి వచ్చే రకం మనిషి. ఆవిడకి చీర లేదు గాని మాట వరసకి చెబుతున్నాను. పరువు, పేట, పొడుగు గౌన్లు, సంగీత సంఘం. అలాంటావిడ పెరటి గోడ పక్కనే పందులు వచ్చి పడ్డాయి. నాటకమంతా దాని మీదే నడుస్తుంది. టామ్‌గా రిచర్డ్ బ్రయర్స్, మార్గోగా పెనెలొపీ కీత్, జెర్రీగా పాల్ ఎడింగ్‌టన్ వేశారు.

బార్బరాగా వేసిన ఫెలిసిటీ కెండల్ గురించి ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. ఆవిడ పెరిగింది మన దేశంలో. తల్లిదండ్రులు షేక్‌స్పియర్ నాటకాలు పెట్టెల్లో సర్దుకుని, రైళ్ళెక్కి, మన ఊళ్ళూ బళ్ళూ తిరిగి ఆడినవారు. 1965లో వచ్చిన 'షేక్‌స్పియర్ వాలా' సినిమాలో ఈమె శశికపూర్ పక్కన వేసింది. ఆయన భార్య జెన్నిఫర్ ఈమెకి సొంత అక్క. అంచేత ఆ బురద కాళ్ళ ఇల్లాలు మనకి మరీ పరాయిది కాదు.

ఆ నాటకం ఆ రోజుల్లోనే ఎందుకు పుట్టిందో తేలిగ్గానే తెలుస్తుంది. 1973లో పెట్రోలు సంక్షోభం. 1974 మొదట్లో బ్రిటన్‌లో కరెంటు చాలక ఫ్యాక్టరీలు వారానికి మూడు రోజులే నడిచాయి. 1975లో ధరలు ఒక్క ఏడాదిలో సుమారు 24 శాతం పెరిగాయి. జీతం మీద నమ్మకం సడలినప్పుడు ఎవరికైనా మట్టి మీదికి మనసు పోతుంది. జాన్ సీమోర్ అనే ఆయన మన తిండి మనమే పండించుకోవడం ఎలాగో చెబుతూ రాసిన పుస్తకాలు ఆ కాలంలోనే వచ్చాయి. అదలా ఉంచండి.

మా గదిలో తగాదా ఏమంటే, పట్నం మిత్రుడు ఒకడు, "జీవితమంటే ఇదిరా. పదేళ్ళు ఉద్యోగం చేసి, రెండెకరాలు కొని, ఆవు నొకదాన్ని కట్టేసుకుని, ఎవడికీ సలాం కొట్టకుండా బతకాలి" అన్నాడు. ఇంకొకడు నాలాగే రైతు కొడుకు. వాడికి ఒళ్ళు మండిపోయింది. "వీళ్ళు చేసేది ఆట. మన నాన్నలు చేసేది చాకిరీ. దీన్ని చూసి నవ్వడానికి సిగ్గుండాలి" అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాటా నాకు పూర్తిగా ఎక్కలేదు. రెండోవాడి మాటలో నిజం ఉంది. టామ్ ఇంటి మీద అప్పు లేదు, ఇల్లు డబ్బు కట్టేసిన సొంత ఇల్లు. కౌలు లేదు. పిల్లలు లేరు, ఫీజులు లేవు. అన్నిటికంటే ముఖ్యం, విసుగెత్తితే మళ్ళీ ఉద్యోగం తెచ్చి పెట్టే పనితనం చేతిలో ఉంది. మాకున్న భూమి రెండెకరాలు, కౌలుకి చేసేది ఎకరంన్నర. కౌలు ఎకరాకి 15 బస్తాలు, పండినా పండకపోయినా. ఈ రెండింటినీ సేద్యం అనే ఒక్క మాటతో పిలవడం న్యాయం కాదు.

సైన్సు వాణ్ణి కదా, ఒక చిన్న లెక్క కూడా వేశాను. ఒంటి పని చేసే మనిషికి రోజుకి 2,500 కిలోక్యాలరీలు కావాలనుకుందాం. ఇద్దరికి ఏడాదికి 18 లక్షల 25 వేలు. కిలో బంగాళాదుంపల్లో సుమారు 770 ఉంటాయి. అంటే వేరే ఏమీ తినకుండా దుంపలే తిన్నా 2,370 కిలోలు కావాలి. చదరపు మీటరుకి రెండు కిలోలు పండించినా దాదాపు 29 సెంట్ల నేల కావాలి. అందులో మేకకి మేత లేదు, పందులకి కుడితి లేదు, కోళ్ళకి గింజ లేదు, విత్తనం దుంపలు లేవు, తెగులు రాలేదు. పేటలో ఇంటి ముందూ వెనకా ఉండే జాగాలో ఇది సాగే పని కాదు. పైగా తిండితో తీరని ఖర్చులు కొన్ని ఉంటాయి. రెండో వరసలో మొదటి భాగం దాని మీదే: మునిసిపల్ పన్ను బిల్లు వచ్చి కూచుంటుంది, మిగిలిన కూరలు అమ్మి కట్టాలని బయల్దేరతారు. బుట్ట నిండా కూరలుండగానే చేతిలో డబ్బు లేకపోవడం ఎలా ఉంటుందో టమాటా రైతుని అడిగితే సర్బిటన్ దాకా వెళ్ళకుండానే చెబుతాడు.

ఇన్ని అన్న తరవాత కూడా నేను ఆ నాటకం పక్షమే. కారణం మొదటి వరసలో ఆఖరి భాగం. 1975 మే 16న ప్రసారమైంది. పేరు 'బ్యాక్స్ టు ది వాల్'. వెనక్కి పోవడానికి దారి లేక గోడకి వీపు ఆనిన స్థితిని ఇంగ్లీషులో అలా అంటారట. పేరులోనే చిన్న చమత్కారం ఉంది, ఎందుకంటే కథ టామ్ నడుముది. పంట చేతికొచ్చే వేళకి ఆయన నడుము పట్టేస్తుంది. మంచం మీద నుంచి లేవలేడు. దించాల్సిన పంటంతా బార్బరా ఒక్కతి మీద పడుతుంది. పైన వాన. ఆవిడ ఒక్కతే తవ్వుతూ, మోస్తూ, తడుస్తూ, ఏడుపు మింగుకుంటూ తిరుగుతుంది. చివరికి పక్కింటి వాళ్ళు వస్తారు. ఆఫీసు మనిషి జెర్రీ, పసుపు రంగు వాన కోటు తొడుక్కుని మార్గో గారు. ఆ మడిలో ఆవిడ పడ్డ అవస్థకి హాస్టలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. పెనెలొపీ కీత్‌ని చూస్తే నవ్వకుండా ఉండటం ఎవరి తరమూ కాదు.

కాని నవ్వు తగ్గాక నాకు తట్టిన సంగతి వేరు. నాటకం మొదటి నుంచీ ఒకటే చెబుతూ వస్తోంది, మాకు ఎవరి అవసరమూ లేదు, మా తిండి మేమే పండించుకుంటాం అని. ఒక్క మనిషి నడుము పట్టేయగానే ఆ మాట పోయింది. సేద్యంలో ఉన్న కిటుకే అది. ఆఫీసులో మనిషి పడుకుంటే ఫైలు ఆగుతుంది, మళ్ళీ లేచాక కదులుతుంది. చేలో పంట ఆగదు. కోత వేళకి ఇంట్లో ఒకరు పడకేశారంటే పోయేది ఆ వారం పని కాదు, ఏడాది పని. స్వయంపోషణ అనే పెద్ద మాట ఇద్దరు మనుషుల నడుముల మీద నిలబడదని ఏ రైతునడిగినా చెబుతాడు. అరగంట హాస్యంలో ఆ ఇద్దరు రచయితలు ఇంత సూటిగా ఎలా పట్టుకున్నారో నాకు ఆశ్చర్యమే. వాళ్ళు పొలం మనుషులు కారు మరి.

రెండోది మార్గో గారి సంగతి. మా వాళ్ళందరికీ టామ్ హీరో. నా మటుకు నాకు ఈ భాగంలో పెద్ద మనిషి మార్గో. టామ్‌కి మట్టి అంటే ఇష్టం, అందులో దిగాడు, సరదాపడ్డాడు, బాగుంది. ఆవిడకి మట్టంటే పరమ అసహ్యం. పందుల వాసన పడదు. ఈ వ్యవసాయమంతా తెలివితక్కువ పని అనే ఆవిడ అభిప్రాయం, వచ్చేటప్పుడూ మారలేదు, పోయేటప్పుడూ మారలేదు. అయినా వచ్చింది. మనకి నచ్చిన పనిలో సాయపడటానికి మనసుంటే చాలు. మనం తప్పనుకునే పనిలో మునిగిపోతున్నవాణ్ణి గట్టెక్కించడానికి వానలో దిగాలంటే ఇంకేదో ఉండాలి. అమెరికాలో ఈ నాటకాన్ని 'గుడ్ నైబర్స్' అన్న పేరుతో వేశారు. మంచి ఇరుగుపొరుగు. అసలు పేరు కంటే ఆ పేరే దీనికి సరిపోయిందని నా అభిప్రాయం.

ఇక్కడ మా రైతు కొడుకు మిత్రుడు మంచి ప్రశ్న వేశాడు. "మీ ఊళ్ళో ఎవడొస్తాడురా?" అన్నాడు. దానికి జవాబు చెప్పాలంటే 2023 డిసెంబరు సంగతి చెప్పాలి.

ఆ నెల 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాది ఆ పక్క ఊరే. అప్పటికి మా చేను కోసి పనల మీద ఉంది. కోసిన వరి నాలుగు రోజులు ఎండితే గాని కట్ట కట్టి కుప్ప వేయడానికి ఉండదు. ముందు రోజే ముసురు పట్టింది. డొంక మీదికి మోసి, బరకం కప్పితే ఎంతో కొంత దక్కుతుందని ఇంటిల్లిపాదీ దిగాం. సర్బిటన్‌కీ మా ఊరికీ తేడా నాకు అప్పుడు అనుభవంలోకి వచ్చింది, ఆ నాటకం చూశాక దానికి మాట దొరికింది. జెర్రీ పంట తడవలేదు. అతనికి పంట లేదు, జీతం ఉంది. అందుకే రాగలిగాడు. మా ఊళ్ళో ఆ వాన అందరి చేల మీదా ఒకేసారి పడింది. గట్టు అవతలాయన రాలేదంటే మంచివాడు కాక కాదు, ఆయన పనలు ఆయనకి తేలిపోతున్నాయి. కూలికి పిలుద్దామంటే ఊరంతా ఒకే రోజు పిలుస్తోంది.

పూర్వం దీనికి బదులు పని ఉండేదని మా తాత చెబుతాడు. ఇవాళ మీ చేలో మేము, రేపు మా చేలో మీరు. నాట్లు అందరివీ ఒకే రోజు పడవు, అందుకని కోతలూ వెనకా ముందూ అయ్యేవి, ఆ లెక్క సాగేది. ఇప్పుడు కోత మిషను వచ్చింది. గంటకి ఇంత అని డబ్బిస్తే చాలు, పక్కవాడితో పని లేదు. మిషను మంచిదే, నేను దాన్ని తిట్టను. మా అమ్మ నడుముని అడిగితే దాని విలువ చెబుతుంది. కాని నీళ్ళు నిలిచిన మడిలోకి అది దిగదు. దిగనప్పుడు పిలవడానికి మనుషులతో ఉన్న ఆ పాత లెక్క చెరిగిపోయింది.

ఆ సాయంత్రం మా చేలోకి వచ్చింది ఒక్కరే. మా వీధిలో అద్దెకుండే స్కూలు టీచరమ్మ గారు. పట్నం ఆవిడ. మా గేదెల పాక వాసన వస్తోందని మా అమ్మతో రెండు మూడుసార్లు మాటా మాటా అనుకున్న మనిషి. "మీకెందుకండీ ఈ తిప్పలు, ఇంటికెళ్ళండి" అన్నాడు మా నాన్న. "పనలు ఎత్తడం నాకు రాదు, లైటన్నా పట్టుకుంటాను లెండి" అంది. గొడుగు గాలికి తిరగబడితే అక్కడే పారేసి, ఫోను లైటు పట్టుకుని రాత్రి తొమ్మిదింటి దాకా గట్టు మీద నిలబడింది. మధ్యలో ఒకసారి కాలు మోకాటి దాకా కూరుకుపోతే మా చెల్లి లాగింది. ఆవిడ వల్ల ఎన్ని పనలు దక్కాయని లెక్క వేస్తే చెప్పలేను. ఎకరానికి 30 బస్తాలు రావలసిన చేలో 11 వచ్చాయి. అందులోనూ రంగు మారింది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదంటే, రోడ్డు మీద ఆరబోసి వారం కాపలా కాశాం. మా నాన్న మాత్రం ఆ ఏటి నుంచీ పాదున మొదటి పొట్లకాయ ఆవిడ ఇంటికే పంపుతున్నాడు. గేదెల వాసన మీద ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. ఉండనివ్వండి.

అంచేత మా మిత్రుడి ప్రశ్నకి నా జవాబు ఇది. వాన పడ్డ రోజున రైతుకి రైతు రాలేడు. చేను తడవనివాడే రావాలి. ఆ రోజున చేను తడవనివాళ్ళు ఎవరు? టీచర్లు, గుమస్తాలు, బాంకు వాళ్ళు, ఇంకా మనం. తుపాను హెచ్చరిక అని కాలేజీ మూసేస్తారు. హాస్టల్లో మూడు వందల మందిమి దుప్పట్లు కప్పుకుని ఫోన్లు చూసుకుంటాం. పది కిలోమీటర్ల లోపు పనలు నీళ్ళలో తేలుతుంటాయి. గాలి ఉధృతంగా ఉన్నప్పుడు ఎవర్నీ బయటికి రమ్మనను, అది తెలివైన పని కాదు. కాని తుపానుకి ముందు రెండు రోజులుంటాయి, వెలిసిన తరవాత నాలుగు రోజులుంటాయి. ఆ ఆరు రోజుల్లో ఇరవై మంది ఒక ఊళ్ళో దిగితే ఎన్ని ఎకరాల పనలు డొంక ఎక్కుతాయో లెక్క వేయడానికి బి.యస్సీ. అక్కర్లేదు.

ఎన్.ఎస్.ఎస్. ఉంది కదా అంటారు. ఉంది. వాలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలని నియమం కూడా ఉంది. మనం ఆ గంటల్ని ఊరేగింపులకీ, బ్యానర్లకీ, అప్పటికే శుభ్రంగా ఉన్న రోడ్డు ఊడ్చి ఫోటో దిగడానికీ ఖర్చు పెడుతున్నాం. వేసవిలో ఏడు రోజుల క్యాంపు పెడతాం, అప్పుడు ఊళ్ళో ఎవరికీ మనతో పని ఉండదు. ఆ గంటల్లో సగం నవంబరు, డిసెంబరు నెలలకి దాచి ఉంచమని యూనియన్ తీర్మానం చేయాలి. కోతల రోజుల్లో ఇళ్ళకి వెళ్ళే రైతు పిల్లల హాజరు విషయం కూడా అదే తీర్మానంలో పెట్టాలి. ప్రతి ఏటా ఆ నెలలో హాజరు తగ్గి, జూన్‌లో కండొనేషన్ ఫీజు కట్టేది వాళ్ళే.

పట్నం మిత్రులు భయపడవద్దు. పనలు ఎత్తడం ఒక పూటలో వస్తుంది. రాకపోతే లైటు పట్టుకునే పని ఉండనే ఉంది. సేద్యం మంచి బతుకని నమ్మాల్సిన అవసరం కూడా లేదు, మార్గో గారు నమ్మలేదు. పేర్లు ఇవ్వదలచినవారు అక్టోబరు నెలాఖరులోగా యూనియన్ గదిలో పెట్టిన పుస్తకంలో రాయండి. ఊరు ఏదో, ఎవరి చేలోనో అప్పుడు వానని బట్టి చెబుతాం. బరకాలు మేము తెస్తాం. బూట్లు వేసుకుని రాకండి, బురదలో ఊడిపోతాయి.